దొడ్డకుంట పురుగుల రక్తంలో ప్రోటీను వృద్ధి

పట్టు ప్రగతి సంస్థలో కాగితాలు చదివేవాళ్లు వేరు, సంతకాలు పెట్టేవాళ్లు వేరు. ఈ ఏర్పాటు వల్ల సంస్థ చాలాకాలం ఎవరికీ పెద్దగా హాని చేయకుండా నడిచింది. ఒకరోజు డైరెక్టరు పరాంకుశంగారి విమానం ఆలస్యమైంది. ఫోనులో ఛార్జింగు అయిపోయింది. కసురుకోవడానికి పక్కన కింది ఉద్యోగి కూడా లేడు. గత్యంతరం లేక ఆయన సంచిలోని నివేదిక ఒకటి తీసి స్వయంగా చదవడం మొదలుపెట్టారు. దొడ్డకుంటకు శని పట్టింది ఆ క్షణంలోనే.

నివేదిక పరిశోధన కేంద్రం వాళ్లది. పట్టుపురుగు రక్తంలో ప్రోటీను మోతాదు మించితే ఏమవుతుందన్నది విషయం. అట్లాంటి పురుగు మామూలుకన్నా ఎక్కువ రోజులు పురుగుగానే ఉంటుందని మొదటి పేజీలో రాసి ఉంది. రెండో పేజీలో, అట్లా ఉండిపోయిన పురుగు ఎదగదనీ, పొర విడవలేక అవస్థ పడుతుందనీ, తోలు కింద సున్నంలాంటి తెల్లటి మడ్డి పేరుకుంటుందనీ, చాలామటుకు చస్తుందనీ, చావనిది కట్టే గూడు కూడా ఉల్లిపొరలా ఉంటుందనీ రాసి ఉంది. పరాంకుశంగారు మొదటి పేజీ ముగించేసరికి విమానం ఎక్కమని పిలుపొచ్చింది.

దిగేసరికి పథకం సిద్ధం. పట్టు అంటే ప్రోటీను. రక్తంలో ప్రోటీను పెరిగితే పురుగుకు ఆయుష్షు పెరుగుతుంది. ఆయుష్షు పెరిగితే మేత పెరుగుతుంది, మేత పెరిగితే పట్టు పెరుగుతుంది. ఇంత తేలిక సంగతి ఇన్ని తరాలుగా ఒక్క పురుగుకూ తట్టలేదంటే అది పురుగుల్లో నాయకత్వ లోపమని ఆయన తేల్చారు. పథకానికి 'పట్టల్లుడు' అని పేరు పెట్టారు. 'ప్రతి పట్టుపురుగును గృహమునకు ఏతెంచిన అల్లుడిగా భావించి, తదనుగుణమైన పోషక గౌరవమును కల్పించవలెను' అని ఉత్తర్వు వెలువడింది.

ఆ ఉత్తర్వు అందుకున్న దొడ్డకుంట క్షేత్రాధికారి తిప్పేస్వామి అప్పటికే ఆ ఊరి అల్లుడు. మేనమామ కూతురు శివగంగను చేసుకున్నాడు. మేనమామ పోయాక అత్త పాలాక్షమ్మ ఇంట్లోనే కాపురం పెట్టాడు. ఉద్యోగం కూడా అదే ఊళ్లో పడింది. ఇల్లరికం అంటే ఒప్పుకునేవాడు కాడు, 'పనిచేసే చోటనే నివాసం' అనేవాడు. మంచివాడే. పైవాళ్లు చెప్పింది వింటాడు, కిందివాళ్లు చెప్పిందీ వింటాడు. రెండూ పొసగనప్పుడు అతనికి కడుపునొప్పి వస్తుంది. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు కనుక చాలాసార్లు పైవాళ్ల మాటే గెలిచేది.

పాలాక్షమ్మకు ఉన్నది ఊరవతల కాస్త మల్బరీ తోట, ఇంటి వెనక ఒక పురుగుల షెడ్డు. ఇల్లు నడిచేది ఆ షెడ్డు మీదనే. అల్లుడి జీతం వచ్చిన నెల వచ్చినట్టు, రాని నెల రానట్టు. అధికారి ఇల్లే ఆదర్శ గృహం కావాలని ఉత్తర్వులో ఉండటంతో పథకం మొట్టమొదట ఆ షెడ్డులోకే వచ్చింది.

ఉత్తర్వును తిప్పేస్వామి వాడుక మాటల్లోకి మార్చి అత్తకు వినిపించాడు. ఆమె చాటలో రాగులు చెరుగుతూ అంతా విన్నది.

"అల్లుణ్ణి మేపినట్ల మేపితే పురుగు గూడు కట్టదప్పా," అంది. "తిని, మంచమెక్కి పండుకుంటాది."

తిప్పేస్వామి అప్పుడు మంచం మీదే ఉన్నాడు. లేచి కుర్చీలోకి మారాడు.

దొడ్డకుంటలో షెడ్డులో పురుగులున్నన్నాళ్లూ వీధి వీధంతా నోరు కట్టుకుంటుంది. పురుగుకు ఘాటు పడదని ఏ ఇంట్లోనూ తాలింపు పెట్టరు. బీడీ కాల్చేవాడు పొలం గట్టుకు పోయి కాల్చుకుని, చేతులు కడుక్కుని వస్తాడు. చెప్పులతో షెడ్డులో అడుగుపెడితే కన్నకొడుకైనా తిట్లు తినాల్సిందే. అంత నిష్ఠగా పెంచుకునే పురుగుల మీద సంస్థ వాళ్లు సోయాపిండి, ఉలవకట్టు, ఏదో చేపలపొడి కలిపిన నీళ్లు చల్లించారు. తడి ఆకును పురుగులు ఒకసారి మూతితో తాకి, పక్కకు తిరిగి పడుకున్నాయి. అలిగిన అల్లుళ్లు అచ్చం అట్లాగే చేస్తారని వీధిలో చెప్పుకున్నారు.

రక్తంలో ప్రోటీను పెరిగిందో లేదో చూడాలి కదా. పురుగు రక్తం కొలిచే యంత్రం సంస్థలో లేదు. ఆసుపత్రుల్లో మూత్ర పరీక్షకు వాడే కాగితపు పట్టీలు మాత్రం ఎక్కడో గోడౌనులో మిగిలి ఉంటే పెద్దమొత్తంలో తెప్పించారు. పురుగు కాలు గిల్లి, వచ్చిన బొట్టును పట్టీకి అంటించాలి. ప్రోటీను లేకపోతే పట్టీ పసుపుగా ఉంటుంది, ఉంటే ఆకుపచ్చ తిరుగుతుంది. ఆకుపచ్చ ఎంత ముదిరితే ప్రగతి అంత ముదిరినట్టు. ప్రతి ఉదయం ఫోనులో సమావేశం. క్షేత్రాధికారులంతా వరసగా తమ తమ పట్టీలు కెమెరాకు ఎత్తిచూపాలి. తిప్పేస్వామి పట్టీ రోజూ లేత ఆకుపచ్చ దాటేది కాదు.

"మీ పురుగుల్లో లక్ష్యసాధన పట్ల తపన కనిపించడం లేదు," అన్నారు పరాంకుశంగారు ఒకరోజు. "వాటితో మీరు మాట్లాడుతున్నారా?"

మాట్లాడుతున్నానని తిప్పేస్వామి చెప్పాడు. తక్కినవాళ్లు కూడా మేమూ మాట్లాడుతున్నామని చెప్పారు. మాటలతో లాభం లేదని ఆ వారంలోనే రెండో ఉత్తర్వు వచ్చింది. నోటి ద్వారా ప్రగతిని నిరాకరించు పురుగులకు సూది ద్వారా ప్రగతిని చేకూర్చవలెనని దాని సారాంశం.

వెంట్రుకంత సూదులు, పాలరంగు ద్రావణం నింపిన సీసాలు జీపులో దిగాయి. పురుగును ఎడమచేతి రెండు వేళ్ల మధ్య పట్టుకుని, వెనక కాళ్ల దగ్గర గుచ్చి, ఒక్క చుక్క ఎక్కించి, 'అభినందనలు' అని కింద పెట్టాలి. ఆ మాట కూడా ఉత్తర్వులో ఉంది. పాలాక్షమ్మ షెడ్డులో మొదటి తట్టకు తిప్పేస్వామి స్వయంగా వేశాడు. పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం దాటింది. మెడ పట్టేసింది. పట్టీ మాత్రం బ్రహ్మాండంగా పచ్చబడింది. ఫోనులో మెచ్చుకోలు కూడా దక్కింది.

పక్క తట్టల్లో పురుగులు ఆఖరి పొర విడిచి, ఆకు మీద పడి కరకరా నమిలేస్తున్నాయి. సూది వేసిన తట్టలోవి మాత్రం తల ఎత్తినవి ఎత్తినట్టే ఉండిపోయాయి. కొన్నింటికి పాత పొర సగం ఊడి తోక దగ్గర చుట్టుకుపోయింది. తక్కినవి చూపుడు వేలంత అయితే ఇవి చిటికెన వేలంత కూడా కాలేదు. ఒళ్లు తెల్లగా, సుద్దముక్కలా తయారైంది. నాలుగు రోజులకు ఒక్కొక్కటే ఒరిగిపోవడం మొదలుపెట్టాయి.

పాలాక్షమ్మ తిట్టి ఉంటే తిప్పేస్వామికి హాయిగా ఉండేది. ఆమె తిట్టలేదు. చచ్చినవాటిని ఏరి కుండలో వేసుకుని, పోయి గుంతలో పోసి, సున్నం చల్లి, చేతులు కడుక్కుని వచ్చింది.

"ఒక తట్ట పోయింది, పోనీ," అంది. "తక్కిన తట్టల మీదనే ఉండాది అల్లుడా మన ఇల్లు. ఆ సూది ఇంక లోపలికి తేవద్దు."

తేనని అతను మాటిచ్చాడు. ఇచ్చిన వెంటనే కడుపునొప్పి వచ్చింది. సూది వేయకపోతే పట్టీ పచ్చబడదు, పచ్చబడకపోతే ఉద్యోగం ఖాయం కాదు. వంటింట్లో పీటమీద కూలబడి మరుసటి రోజు పట్టీని చేతిలో పెట్టుకుని దిగులుపడుతున్నాడు. శివగంగ పక్కనే గిన్నెలో కోడిగుడ్లు కొడుతోంది. తాలింపు లేని రోజులు కదా, ఆ ఇంట్లో కూరల రుచి గుడ్ల మీదే ఆధారపడి ఉంది. గిన్నె అంచు నుంచి తెల్లసొన చుక్క ఒకటి జారి పట్టీ మీద పడింది. భార్యాభర్తలిద్దరూ చూస్తుండగా పట్టీ ఆకుపచ్చ అయి, ముదురాకుపచ్చ అయి, చివరికి నలుపు కలిసిన ఆకుపచ్చ దగ్గర ఆగింది. రాష్ట్రంలో ఏ పురుగూ అంతవరకూ ఆ రంగు చూపలేదు.

శివగంగ మొగుడి మొహం చూసింది. మొగుడు గిన్నె వంక చూశాడు. ఆ రోజునుంచి ఆ ఇంట్లో పచ్చసొన కూర మొదలైంది.

మరుసటి ఉదయం సమావేశంలో తిప్పేస్వామి పట్టీ ఎత్తగానే ఫోనులో మాటలు ఆగిపోయాయి. పరాంకుశంగారు కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. తన ఉద్యోగ జీవితంలో ఇంత లోతైన ఆకుపచ్చ చూడలేదన్నారు. అప్పుడప్పుడూ తెల్లసొనకు కాస్త నీళ్లు కలిపి రంగు తగ్గించాల్సి వచ్చింది, మరీ పచ్చగా ఉంటే అనుమానం వస్తుందని. పాలాక్షమ్మ పురుగులు మాత్రం సూది గీది లేకుండా ఉత్త మల్బరీ ఆకు తిని, వేళకు పండాయి.

పురుగు పండటం అంటే ఆకు మానేసి, ఒళ్లు పసుపు తిరిగి, తల ఆడిస్తూ గూటికి చోటు వెతుక్కోవడం. అప్పుడు దాన్ని ఏరి, చంద్రిక అనే వెదురు తడికె మీద వేయాలి. అన్నీ ఒక్కసారే పండుతాయి. పండినవి ఆగవు. ఒక ఇంటి చేతులు చాలవు కనుక వీధంతా వచ్చి ఏరుతుంది. రేపు వాళ్లింట్లో పండితే వీళ్లు పోతారు. బదులాళ్లు అంటారు వాళ్లను. కూలి ఉండదు, కడుపునిండా భోజనం ఉంటుంది. ఆ రోజు పదిమందీ కలిసి ఏరితే, వారం తిరిగేసరికి చంద్రికల నిండా గట్టి గూళ్లు, గింజకట్టు బాగున్న వేరుశనగ కాయల్లాంటివి.

ఆ గూళ్లే కొంప ముంచాయి. పరాంకుశంగారు మందీ మార్బలంతో దిగి, ఒక గూడు చెవి దగ్గర పెట్టుకుని ఆడించి, కంటతడి పెట్టుకున్నారు. అతి పచ్చని పట్టీ, అతి గట్టి గూడు ఒకే షెడ్డులో దొరికాయి. ఇంతకన్నా రుజువు ఏం కావాలి. తిప్పేస్వామి సూది మానేసిన పాపానికి సూది గొప్పదని రుజువైపోయింది. రెండో పేజీ చదివిన కిందివాడెవరో అడ్డుచెప్పబోతే, దొడ్డకుంట వెళ్లి చూసి రమ్మన్నారట. తిప్పేస్వామికి శాలువా కప్పారు. పథకాన్ని జిల్లా అంతటికీ విస్తరించారు, ఈసారి నిర్బంధంగా.

నిర్బంధం అక్కరలేకపోయింది. వీధిలో రైతులే ముందుకొచ్చారు. ఎదురింటి నింగప్ప పాలాక్షమ్మకు వరసకు తమ్ముడు. అతను పొద్దున్నే వచ్చి అరుగు మీద కూర్చుని, తన షెడ్డుకు ఆ సూదులేవో ముందుగా వేయించమని అడిగాడు. తొందరెందుకు మామా, ఆకు బాగుంటే చాలదా, పాత పద్ధతిలోనే పోదాం అని తిప్పేస్వామి నానారకాలుగా నచ్చచెప్పాడు. ఎన్ని చెప్పినా అసలు సంగతి నోటి దాకా వచ్చి ఆగిపోయింది. శాలువా ఇంకా మడత కూడా నలగలేదు.

"మీ అత్త షెడ్డుకైతే ఒక న్యాయం, మాకైతే ఒక న్యాయమా?" అన్నాడు నింగప్ప. కోపంగా కూడా అనలేదు, నొచ్చుకుని అన్నాడు.

మర్నాడు సంస్థ నుంచి సూదుల దండు దిగింది. వాళ్ల చెయ్యి తిప్పేస్వామి చెయ్యి లాంటిది కాదు, చాలా శ్రద్ధగల చెయ్యి. ఒక్క పురుగును కూడా వదల్లేదు. ఆదర్శ గృహం కనుక పాలాక్షమ్మ షెడ్డును అల్లుడి చేతికే వదిలేశారు. వీధంతా 'అభినందనలు, అభినందనలు' అని వినిపించింది.

తరవాత కథ ఆఫీసు భాషలో చెబితేనే బాగుంటుంది. కొన్ని గ్రామాల్లో పురుగులు 'ఎదుగుదలను వాయిదా వేసుకున్నాయి'. మరికొన్ని చోట్ల 'శాశ్వత విశ్రాంతిలోకి వెళ్లాయి'. చచ్చిన పురుగు ఒంట్లో నీళ్లు ఇంకిపోయి రక్తం చిక్కబడుతుంది కనుక దాని పట్టీ బతికిన పురుగుకన్నా పచ్చగా వచ్చింది. ప్రాణం పోయినా ప్రోటీను పోలేదని, ఇది పురుగుల్లో త్యాగనిరతికి గుర్తని ఒక ప్రశంసాపత్రం వెలువడింది. చావకుండా మిగిలినవి కొన్ని ఎట్లాగో గూడు కట్టబోతే, వాటి రీడింగు తగ్గుతోందని పైవాళ్లు కనిపెట్టారు. 'గూడు కట్టుట యనగా రక్తమందలి ప్రోటీనును అనధికారికముగా శరీరము వెలుపలికి తరలించుటయే. కావున ముందస్తు అనుమతి లేనిదే ఏ పురుగూ గూడు కట్టరాదు' అని మూడో ఉత్తర్వు వచ్చింది. జీపులొచ్చి వీధిలో చంద్రికలన్నీ ఎత్తుకుపోయి ఆఫీసు వరండాలో పేర్చాయి. అనుమతి కావలసినవాళ్లు పురుగును తెచ్చి హాజరుపరచాలన్నారు. ఒక ముసలాయన నిజంగానే తట్ట నెత్తిన పెట్టుకుని వచ్చాడు. సాహెబు భోజనానికి వెళ్లారని చెబితే కూర్చున్నాడు. ఆయన కాళ్ల దగ్గరే పురుగులు తట్ట అంచుకు గూళ్లు కట్టేసుకున్నాయి. అది నేరం కింద రాసుకున్నారు.

దొడ్డకుంట వీధిలో షెడ్లన్నీ సద్దుమణిగాయి. ఇంటింటి వెనకా సున్నం చల్లిన గుంత ఒకటి. జనం మళ్లీ తాలింపులు పెట్టుకోవడం మొదలుపెట్టారు. ఆ వాసన తగిలితే తిప్పేస్వామికి ముద్ద దిగేది కాదు. తాలింపు పెట్టారంటే ఆ ఇంట్లో పురుగు లేదన్నమాట.

ఆ పరిస్థితిలో పాలాక్షమ్మ రెండో పంట పండింది. ఆదర్శ గృహం కనుక చంద్రికలు ఆమెకు మాత్రం వదిలేశారు. ఎవరిని పిలవాలో తెలియక ఆమె గడపలోనే నిలబడింది. ఇంట్లో ముగ్గురే. పండిన పురుగులు తలలాడిస్తున్నాయి. పిలవకుండానే వీధి జనం ఒక్కొక్కరే చెప్పులు వాకిట్లో విడిచి లోపలికి వచ్చి ఏరడానికి కూర్చున్నారు. తాలింపులు మాని, చేతులు బూడిదతో తోముకుని వచ్చారు. అందరికన్నా ముందు నింగప్ప వచ్చాడు. ఎందుకు మామా నువ్వు, నీ ఇంట్లో ఆ కష్టం పెట్టుకుని, అన్నాడు తిప్పేస్వామి, ఏదో ఒకటి అనాలి కనుక.

"పోయిన తూరి మా ఇంట్లో మీ అత్త ఏరింది గదప్పా. ఆ బదులుండాది," అన్నాడు నింగప్ప పురుగుల మీదినుంచి కన్నెత్తకుండా. "ఈ తూరి మా ఇంట్లో ఏరేదానికి ఏమీ ల్యాకున్నా, బదులైతే తీర్చల్ల గదా."

తిప్పేస్వామికి కడుపునొప్పి రాలేదు. అంతకన్నా పైన, గుండె దగ్గర ఎక్కడో పట్టేసింది. చేతిలో పురుగును చంద్రిక మీద పెట్టి, అక్కడే అందరి మధ్య చెప్పేశాడు. ఈ షెడ్డులో మొదటి తట్టకు తప్ప ఎప్పుడూ సూది వేయలేదని, పట్టీకి పూసింది కోడిగుడ్డు తెల్లసొన అని, తన మూలానే వాళ్ల పురుగులు చచ్చాయని.

ఎవరూ ఏరడం ఆపలేదు, పండిన పురుగు ఎవరి నిజం కోసమూ ఆగదు. ఒక ముసలామె ముక్కు చీదింది. చివరికి నింగప్పే నోరు తెరిచాడు.

"ఆ గుడ్డు సంగతి ఆ పొద్దు మీ అరుగు మీద చెప్పింటే సరిపోతా ఉండ్య," అన్నాడు. "సరే, మాతో చెప్పినావు. చెప్పాల్సినోళ్లతో చెప్పుపో."

తిప్పేస్వామి మరుసటి రోజు బస్సెక్కి ప్రధాన కార్యాలయానికి వెళ్లాడు. శాలువా మడిచి సంచిలో పెట్టుకున్నాడు, వాపసు ఇచ్చేద్దామని. ఉద్యోగం పోతుందని అతనికి తెలుసు, పోయినా సరే అనుకున్నాడు. పరాంకుశంగారి గదిలో నిలబడి అంతా చెప్పాడు. పరాంకుశంగారు కళ్లు మూసుకుని విన్నారు. విన్న తరవాత చాలాసేపు కళ్లు తెరవలేదు. నిద్రపోయారేమోనని అతను భయపడ్డాడు.

"ఫారం గుడ్డా, నాటుగుడ్డా?" అన్నారు ఆయన కళ్లు తెరిచి.

ఫారం గుడ్డేనని తిప్పేస్వామి చెప్పాడు. పరాంకుశంగారు లేచి కిటికీ దాకా నడిచి వెనక్కి వచ్చారు. సూదులకు, ద్రావణానికి, జీపులకు ఎంత శ్రమ అయిందో, ఆ శ్రమంతా పెట్టినా ఏ గ్రామంలోనూ ఆ లోతైన ఆకుపచ్చ ఎందుకు రాలేదో ఆయనకు ఇప్పుడు అర్థమైందట. ఇంతకాలం మధ్యలో పురుగు అడ్డం వస్తోందన్నారు.

"మీరు దీన్ని మోసం అనుకుంటున్నారు. అది మీ వినయం," అన్నారు. "ప్రోటీనును పురుగు ద్వారా పట్టీకి చేర్చడం పరోక్ష పద్ధతి. మీరు ప్రత్యక్ష పద్ధతి కనిపెట్టారు."

సూదులు ఆపేస్తారా సార్, అని అడిగాడు తిప్పేస్వామి. కావలసింది అతనికి అదొక్కటే. వెంటనే ఆపేస్తామని, ఇక మీదట ఈ పథకంలో పురుగు పాల్గొనడం ఐచ్ఛికమని ఆయన హామీ ఇచ్చారు. పురుగులు వాటి పని చూసుకోవచ్చు, గూళ్లు కూడా కట్టుకోవచ్చు, చంద్రికలు ఆఫీసు వరండాకు అడ్డంగా ఉన్నాయి కనుక తీసుకుపొమ్మన్నారు. తిప్పేస్వామికి ఒక్కసారి ఊపిరాడింది. ఆ ధైర్యంతో ఇంకొక మాట అడిగాడు. పురుగులు పోగొట్టుకున్న రైతులకు సంస్థ ఏమిస్తుందని.

"చచ్చిన పురుగుల రీడింగులు ఉన్నాయా?"

"ఉన్నాయి సార్. అన్నీ ముదురాకుపచ్చే."

"రీడింగు ఉందంటే పురుగు ఉన్నట్టే. లేని నష్టానికి పరిహారం ఎట్లా ఇస్తాం?" అని పరాంకుశంగారు జాలిగా చూశారు. శాలువా వాపసు తీసుకోలేదు. ఇంకొకటి కప్పారు. దాని మీద తిప్పేస్వామి ఉద్యోగం ఖాయమైన ఉత్తర్వు పెట్టి ఇచ్చారు.

వారంలో రాష్ట్రమంతటికీ 'తిప్పేస్వామి పద్ధతి' వెళ్లింది. ప్రతి క్షేత్రాధికారికీ గుడ్లు మంజూరయ్యాయి. పట్టీలు పచ్చపచ్చగా ఎగిరాయి. షెడ్లలో పురుగుల జోలికి పోయే తీరిక ఎవరికీ లేకపోవడంతో అవి ఆకు తిన్నాయి, పొర విడిచాయి, పెరిగాయి. పట్టు దిగుబడి పెరిగిందని, అది ప్రోటీను ఫలితమేనని సంస్థ ప్రకటించింది. నిజం చెప్పాలంటే ఆ పథకం వల్ల ఎవరికైనా మేలు జరిగింది అప్పుడే.

దొడ్డకుంట వీధిలో మాత్రం షెడ్లు ఖాళీగా ఉన్నాయి. కొత్త పంట పెట్టుకునే తాహతు ఎవరికీ లేదు. జరిగింది విని పాలాక్షమ్మ అల్లుడి రెండు శాలువాలూ కలిపి కుట్టి షెడ్డు తలుపుకు తెరగా కట్టింది. ఈగలు రావని. తరవాత తన షెడ్డులో అప్పుడే దిగిన చాకీ పురుగులను, అంటే ఇంకా చీమల్లా ఉన్న పసి పురుగులను, తట్టల్లో సమంగా పంచింది. వీధిలో ఇంటికొక తట్ట వచ్చింది. ఆమెకు మిగిలింది కూడా ఒకటే. వాటిని అల్లుడి చేతికిచ్చి, ఒక్కొక్క ఇంటికీ అతనే మోసుకుపోయి ఇవ్వాలంది. ఆమె ఆ రోజు 'అల్లుడా' అనలేదు, 'నువ్వు' అంది.

నింగప్ప ఇంటికి ఆఖరున వెళ్లాడు. నింగప్ప షెడ్డంతా కడిగి, కొత్త సున్నం వేసి, గడపలో కూర్చుని ఉన్నాడు. తట్ట అందుకుని, పైన కప్పిన పేపరు తొలగించి, పురుగులను చాలాసేపు చూశాడు. వాటి మీద ఊపిరి పడకుండా మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"వీటికి సూది ఏస్తారా?"

వేయమని తిప్పేస్వామి చెప్పాడు. కాకపోతే వేసినట్టు ఆఫీసుకు రాసి పంపాలని, ఆ ఉత్తర్వు ఇంకా రద్దు చేయలేదని నసిగాడు.

"రాసుకో, దానికేముంది," అన్నాడు నింగప్ప. "పోయిన తూరి నిజంగా ఏసి, పురుగులు బతికినాయని రాసినారు. ఈ తూరి ఏయకుండా ఏసినామని రాయి. రెండో అబద్దమే మేలు మాకు."

తిప్పేస్వామి లేత ఆకు కోసుకురావడానికి వాకిట్లో ఉన్న గంప తీసుకుని నింగప్ప తోటలోకి నడిచాడు.